బోధనా సామగ్రిని ఏఐతో మార్చేటప్పుడు కాపీరైట్: మూత్రపిండాల యూనిట్‌పై ఒక కేస్ స్టడీ

మానవ శరీరధర్మ శాస్త్రం మొదటి సంవత్సరం కోర్సులో మూత్రపిండాల యూనిట్‌ను ఏఐ సాయంతో తిరగరాయాలని ఒక ఉన్నత విద్యాసంస్థ అధ్యాపక బృందం నిర్ణయించుకుంది. అందులో హక్కుల పరిశీలన బాధ్యతను నాకు అప్పగించారు. పాఠాన్ని చదవడంలో వెనుకబడిన విద్యార్థుల కోసం సరళమైన భాషలోకి మార్చడం, అదే పాఠాన్ని మరో భాషలోకి అనువదించడం, ప్రశ్నల నిధిని పెంచడం, పాత స్లైడ్లలోని బొమ్మలన్నింటినీ ఒకే శైలిలోకి తేవడం బృందం పెట్టుకున్న లక్ష్యాలు. ముందుగా సంస్థ ఎల్‌ఎంఎస్‌లో (ఆన్‌లైన్ పాఠాల వేదికలో) లాగిన్ ఉన్న విద్యార్థులకు మాత్రమే ఇవ్వాలని, తర్వాతి ఏడాది అదే యూనిట్‌ను ఓపెన్ లైసెన్సుతో అందరికీ విడుదల చేయాలని వారి ప్రణాళిక. విడుదల సంగతి నాకు వచ్చిన అభ్యర్థన పత్రంలో చివరి పేరాలో ఒకే ఒక్క వాక్యంగా ఉంది. తర్వాత జరిగిన పని మొత్తాన్నీ నడిపించింది మాత్రం ఆ వాక్యమే.

ఏఐ రాకముందు ఇతరుల సామగ్రితో అధ్యాపకులు చేసే పని చాలావరకు ప్రతులు తీయడమే. పుస్తకంలోని కొన్ని పేజీలు జిరాక్స్ తీయించడం, ఒక బొమ్మను స్లైడ్‌లో అతికించడం, ఒక పేరాను ప్రశ్నపత్రంలో ఇవ్వడం వంటివి జరిగేవి. చాలా దేశాల చట్టాల్లోని బోధన మినహాయింపులు కూడా ఈ అలవాటును దృష్టిలో పెట్టుకునే రూపొందాయి. ఒక అధ్యాయం మొత్తాన్ని తిరగరాయడానికో, మరో భాషలోకి తేవడానికో నెలల శ్రమ పట్టేది కాబట్టి ఆ పనికి పూనుకునేవారు తక్కువ, పూనుకున్నవారికి అనుమతి తీసుకోవడానికి కావలసిన వ్యవధి కూడా ఉండేది. ఇప్పుడు అదే పని నిమిషాల్లో ముగుస్తోంది. దీనివల్ల అధ్యాపకులు ప్రతి తీసే హక్కు పరిధిని దాటి, అనువాదం, రూపాంతరం అనే వేరే హక్కుల పరిధిలోకి తమకు తెలియకుండానే అడుగుపెడుతున్నారు. అంతర్జాతీయ కాపీరైట్ ఒప్పందమైన బెర్న్ ఒప్పందం 8వ అధికరణంలో అనువాద హక్కును, 12వ అధికరణంలో రూపాంతర హక్కును, 9వ అధికరణంలోని ప్రతి తీసే హక్కుతో కలపకుండా విడివిడిగా రచయితకు ఇచ్చింది. భారత కాపీరైట్ చట్టం 14వ సెక్షన్‌లోనూ, అమెరికా చట్టం 106వ సెక్షన్‌లోనూ ఇదే విభజన కనిపిస్తుంది. ఏఐతో బోధనా సామగ్రిని మార్చే పనిలో ఎదురయ్యే చిక్కుల్లో సగానికి పైగా ఈ విభజనను పట్టించుకోకపోవడం వల్ల వచ్చేవేనని నా అభిప్రాయం.

సామగ్రి జాబితా

ఈ యూనిట్‌కు మనకు హక్కులు ఉన్నాయా అని బృందం నన్ను అడిగింది. యూనిట్ మొత్తానికి కలిపి ఒకే జవాబు చెప్పడం కుదరదు కాబట్టి, స్లైడ్లు, కరపత్రాలు, ప్రశ్నలు, బొమ్మలు అన్నింటినీ ఒక స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించి, ఒక్కో వస్తువు ఎక్కడి నుంచి వచ్చింది, ఏ షరతుపై మన చేతికి అందింది, దాన్ని ఏం చేయదలచుకున్నాం, చివరికి ఎవరికి అందుతుంది అని విడివిడిగా రాయించాను. విసుగు పుట్టించే పనే కానీ దీనికి దగ్గరదారి లేదు.

మూలపాఠం క్రియేటివ్ కామన్స్ సీసీ బై 4.0 లైసెన్సు (మూలం పేరు చెబితే ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు) ఉన్న ఓపెన్ పాఠ్యపుస్తకంలోని అధ్యాయం. దానికి తోడుగా ఒక వాణిజ్య ప్రచురణకర్త పుస్తకం నుంచి స్కాన్ చేసిన అధ్యాయం ఏళ్ల తరబడి వాడుకలో ఉంది. ఆ పుస్తకంతో పాటు అధ్యాపకులకు ఇచ్చిన ప్రశ్నల నిధి, గ్రంథాలయం చందా కట్టిన జర్నల్ నుంచి ఒక సమీక్షా వ్యాసం, వేరే సంస్థల వెబ్‌సైట్ల నుంచి తీసుకున్న రెండు వర్క్‌షీట్లు కూడా ఉన్నాయి. వర్క్‌షీట్లలో ఒకటి సీసీ బై-ఎస్‌ఏ (మార్చినదాన్ని అదే లైసెన్సుతో విడుదల చేయాలి), మరొకటి సీసీ బై-ఎన్‌సీ-ఎన్‌డీ (వాణిజ్యానికి వాడకూడదు, మార్చి పంచకూడదు). వీటికి తోడు సీనియర్ అధ్యాపకురాలి సొంత నోట్సు, మంచి జవాబుకు నమూనాలుగా దాచిన పాత విద్యార్థుల ప్రయోగశాల నివేదికలు ఉన్నాయి.

సొంత నోట్సు కాబట్టి దానితో ఏ సమస్యా ఉండదని అందరం అనుకున్నాం. వాక్యాలను వెతికి చూస్తే, అందులోని కొన్ని పేరాలు అదే వాణిజ్య పుస్తకపు పాత ముద్రణ నుంచి ఉటంకింపు గుర్తులు లేకుండా వచ్చినవని తేలింది. ఇందులో దురుద్దేశం ఏమీ లేదు. తన తరగతి కోసం రాసుకున్న నోట్సులో మూలం పేరు రాసుకోవాలన్న ఆలోచన చాలామందికి రాదు. అయితే అదే నోట్సును ఏఐకి ఇచ్చి తిరగరాయిస్తే, ఏ వాక్యం ఎవరిదో తేల్చడానికి మిగిలిన ఆ కాస్త ఆధారం కూడా చెరిగిపోతుంది. అందువల్ల ఏఐకి ఇవ్వబోయే ప్రతి ఫైలుకూ ముందుగా మూల పరిశీలన జరగాలన్న నియమం పెట్టుకున్నాం. ఉద్యోగంలో భాగంగా రాసిన నోట్సుపై మొదటి హక్కు యజమానిదా, రచయితదా అన్నది దేశ చట్టాన్ని, నియామక ఒప్పందాన్ని బట్టి మారుతుంది. ఈ సంస్థ విధానం అధ్యాపకుల బోధనా రచనలను వారికే వదిలేసింది కాబట్టి ఆమె లిఖితపూర్వక సమ్మతి తీసుకున్నాం.

బోధన మినహాయింపులు ఎంతవరకు కాపాడతాయి

విద్య కోసం కాబట్టి చట్టం ఒప్పుకుంటుందన్న వాదన మొదటి సమావేశంలోనే వచ్చింది. అది పూర్తిగా తప్పు కాదు. భారత చట్టం 52(1)(ఐ) ప్రకారం బోధన క్రమంలో అధ్యాపకుడు గానీ విద్యార్థి గానీ ఒక కృతిని పునరుత్పత్తి చేయడం ఉల్లంఘన కాదు. పరీక్షలో ప్రశ్నల భాగంగా, వాటి జవాబుల్లో వాడుకోవడానికి కూడా ఈ రక్షణ వర్తిస్తుంది. 2016లో ఢిల్లీ హైకోర్టు ఫొటోకాపీ కోర్సు ప్యాకుల కేసులో ‘బోధన క్రమంలో’ అన్న మాటను తరగతి గదికే పరిమితం చేయకుండా విశాలంగా చదివింది. అమెరికాలో ఫెయిర్ యూజ్‌ను (అనుమతి అక్కర్లేని న్యాయమైన వాడకాన్ని) నిర్వచించే 107వ సెక్షన్ తరగతి వాడకానికి తీసే బహుళ ప్రతులను పేరు పెట్టి ప్రస్తావిస్తుంది. యూరోపియన్ యూనియన్ 2019/790 ఆదేశంలోని 5వ అధికరణం బోధనలో దృష్టాంతంగా చేసే డిజిటల్ వాడకానికి మినహాయింపు ఇవ్వాలని సభ్య దేశాలను కోరుతుంది. బ్రిటన్ 1988 చట్టంలోని 32వ సెక్షన్ కూడా ఈ కోవలోనిదే.

అయితే వాటి షరతులను దగ్గరగా చూడాలి. ఢిల్లీ కేసులో వివాదం పుస్తకాల పేజీలను యథాతథంగా ప్రతులు తీయడం గురించి. సెక్షన్‌లోని మాట కూడా పునరుత్పత్తే. రూపాంతరం, అనువాదం అదే చట్టంలో వేరే హక్కులుగా నిలిచి ఉన్నప్పుడు, ఒక అధ్యాయాన్ని ఏఐతో తిరగరాయించి ఆ తీర్పును అడ్డుపెట్టుకోవడం దాన్ని అతిగా సాగదీయడమే అవుతుంది. అమెరికా ఫెయిర్ యూజ్‌లో విద్యా ప్రయోజనం అనుకూలాంశమే అయినా, మూల కృతి మార్కెట్‌పై పడే ప్రభావాన్ని కూడా తూచాలి. ప్రచురణకర్తలు సరళీకృత సంచికలను, అనువాద హక్కులను అమ్ముకుంటారు కాబట్టి, మన సరళీకరణ సరిగ్గా వారి సరుకు ఉన్న చోటికే పోయి నిలబడుతుంది. యూరప్ మినహాయింపు వాణిజ్యేతర వాడకానికే, అదీ సంస్థ ప్రాంగణంలో గానీ విద్యార్థులకు, బోధన సిబ్బందికి మాత్రమే ప్రవేశం ఉన్న సురక్షిత ఎలక్ట్రానిక్ వాతావరణంలో గానీ జరిగే వాడకానికే వర్తిస్తుంది. లాగిన్ వెనుక చెల్లే వాదన బహిరంగ విడుదలకు చెల్లదని చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన పాఠం నాకు కనిపించలేదు.

అందుకే బృందం ముందు ఒక ప్రతిపాదన పెట్టాను. లాగిన్ వెర్షన్, బహిరంగ వెర్షన్ అని మొదటి నుంచే రెండు వేర్వేరు దస్త్రాలు నడపాలి. మినహాయింపుపై ఆధారపడే ఏ వస్తువూ బహిరంగ వెర్షన్‌లోకి రాకూడదు. అందులోకి వెళ్లేది ఓపెన్ లైసెన్సు ఉన్నదో, అనుమతి తీసుకున్నదో, మనమే రాసుకున్నదో, హక్కుల గడువు తీరినదో మాత్రమే అయి ఉండాలి. ఒకే పనిని రెండుసార్లు చేయాలా అని కొందరు అసహనపడ్డారు. తర్వాత విడదీయడం కన్నా ముందే విడిగా ఉంచడం తేలికని ఒప్పుకోవడానికి వారికి స్కాన్ చేసిన అధ్యాయం అవసరమైంది.

తిరగరాసిన పేరా

ఆ అధ్యాయంలో మూత్రం ఎలా గాఢమవుతుందో వివరించే భాగం విద్యార్థులకు బాగా నచ్చుతుందని, దాన్ని వదులుకోలేమని అధ్యాపకులు పట్టుబట్టారు. ప్రయోగం కోసం ఒక అధ్యాపకుడు ముందే దాన్ని ఏఐకి ఇచ్చి సరళీకరించి ఉంచారు. రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టి కలిసి చదివాం.

పైపైన చూస్తే ఒక్క వాక్యం కూడా మూలంతో కలవలేదు. వాక్యాలు చిన్నవయ్యాయి, పదాలు మారాయి, కర్మణి ప్రయోగాలు పోయాయి. ప్రతుల పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే దాదాపు ఏమీ దొరకలేదు. కానీ పేరా ఎముకల గూడు అలాగే ఉంది. మూల రచయిత ముందుగా ఎడారిలో నీళ్లు లేక నీరసించిన ఒక కల్పిత ప్రయాణికుణ్ని ప్రవేశపెట్టి, అతని శరీరంలో జరిగేదాన్ని ఐదు మెట్లుగా చెప్పి, మూడో మెట్టు దగ్గర ఆగి విద్యార్థిని ఒక ప్రశ్న అడిగి, చివర్లో ఆ ప్రయాణికుడికి నీళ్లు తాగించి అదే క్రమాన్ని వెనక్కి నడిపిస్తారు. ఏఐ పాఠంలో ప్రయాణికుడు పర్వతారోహకుడయ్యాడు. మిగతాదంతా, మూడో మెట్టు దగ్గరి ప్రశ్నతో సహా, అదే వరుసలో ఉంది.

మూత్రపిండంలోని సన్నని గొట్టాల్లో భాగమైన హెన్లీ శిక్యంలోని అవరోహ నాళిక నీటిని బయటికి పోనిస్తుంది, మందమైన ఆరోహ నాళిక నీటిని పోనివ్వకుండా లవణాన్ని మాత్రం బయటికి పంపు చేస్తుంది, ఈ ప్రతిప్రవాహ యంత్రాంగం వల్ల దవ్వ (మూత్రపిండం లోపలి భాగం) లోతుల్లో ద్రవాభిసరణ గాఢత మనిషిలో లీటరుకు సుమారు 1200 మిల్లీఆస్మోల్స్ వరకు చేరుతుంది. ఈ విషయాలు ఎవరి సొత్తూ కావు. కాపీరైట్ భావాన్ని, వాస్తవాన్ని రక్షించదు, అభివ్యక్తినే రక్షిస్తుంది. అయితే అభివ్యక్తి అంటే పదాల వరుస ఒక్కటే కాదు. ఉదాహరణ ఎంపిక, దాన్ని నడిపిన తీరు, ప్రశ్నను ఎక్కడ నాటాలన్న నిర్ణయం కూడా రచయిత సృజనలో భాగమే. ఏఐ సరళీకరణ పదాలను మార్చడంలో ఎంత నేర్పు చూపుతుందో, నిర్మాణాన్ని నిలబెట్టడంలోనూ అంత నమ్మకంగా ఉంటుంది. సరళీకరించమని మనం కోరేది కూడా సరిగ్గా దాన్నే కదా. సాఫ్ట్‌వేర్ పట్టుకోలేదు కాబట్టి సరేనన్న వాదనను ఈ కారణంతోనే తోసిపుచ్చాం.

వచ్చిన పాఠాన్ని ఇంకాస్త మార్చి సర్దుదామన్న సూచన వచ్చింది. నేను ఒప్పుకోలేదు. మూలం నుంచి ఎంత దూరం జరిగితే చాలన్న లెక్క ఎవరికీ అందదు. పైగా మూలాన్ని ఎదురుగా పెట్టుకుని దానికి దూరం జరిగామన్న చరిత్ర మన దస్త్రాల్లోనే ఉండిపోతుంది. దిద్దుబాటు మొదలు కావలసింది ఏఐకి ఇచ్చే దగ్గర. అధ్యాపకురాలు ఏ పుస్తకమూ ముందు పెట్టుకోకుండా, తాను తరగతిలో చెప్పే వరుసలో ఒక పేజీ రూపురేఖ రాశారు. వడగట్టిన ద్రవం నాళికలోకి ప్రవేశించే చోటు నుంచి కాక, ఆమె తన అలవాటు ప్రకారం సేకరణ నాళం చివర నుంచి వెనక్కి వచ్చారు. ప్రయాణికుడూ లేడు, పర్వతారోహకుడూ లేడు. రాత్రంతా నీళ్లు తాగని మనిషి పొద్దున విసర్జించే మూత్రం ఎందుకు ముదురు రంగులో ఉంటుందన్న ప్రశ్నతో మొదలుపెట్టారు. ఆ రూపురేఖను, సీసీ బై అధ్యాయంలోని సంబంధిత భాగాన్ని మాత్రమే ఏఐకి ఇచ్చాం. వచ్చిన ప్రతిని ఆమె వాక్యం వాక్యం దిద్దారు. స్కాన్ చేసిన అధ్యాయంతో దీనికి పోలిక లేకపోవడం ఒక లాభమైతే, పాఠం ఆమె గొంతులో వినిపించడం మరో లాభం. రెండోది నేను ఊహించనిది.

క్రెడిట్ లైన్ కింద దాగిన బొమ్మ

ఓపెన్ పాఠ్యపుస్తకానికి సీసీ బై ఉంది కాబట్టి అందులోని ప్రతిదీ వాడుకోవచ్చని అనుకోవడం సహజం. నెఫ్రాన్ (మూత్రపిండంలో వడపోత జరిపే సూక్ష్మ భాగం) బొమ్మ కింద చిన్న అక్షరాల్లో, అది ఫలానా ప్రచురణకర్త అనుమతితో పునర్ముద్రితమని ఉంది. పుస్తకం మొదట్లోని లైసెన్సు పేజీలో కూడా, విడిగా పేర్కొన్న చోట తప్ప లైసెన్సు వర్తిస్తుందన్న మాట ఉంది. అంటే ఆ బొమ్మ పుస్తకంలో ఉన్నా లైసెన్సులో లేదు. పాఠాన్ని కాపీ చేసి ఏఐ పెట్టెలో అతికించినప్పుడు మొదట రాలిపోయేవి ఇలాంటి క్రెడిట్ లైన్లే. సారాంశం తీసే పనిలో వాటిని అనవసర సమాచారంగా ఏఐ వదిలేస్తుంది. అందుకే జాబితా తయారీని ఏఐకి అప్పగించకుండా మనుషులతోనే చేయించాం.

అప్పటికే ఏఐతో గీయించిన బొమ్మ ఒకటి సిద్ధంగా ఉంది. మూత్రపిండాన్ని కోసిన కోణం, వల్కలానికి (బయటి పొరకు), దవ్వకు వేసిన రంగుల జత, కుడి మూలన గుండ్రని చట్రంలో పెద్దది చేసి చూపిన రక్తకేశనాళికల గుచ్ఛం, సూచిక గీతలు వంగిన తీరు అన్నీ మూలంలోనివే. శరీర నిర్మాణం ఎవరు గీసినా అదే కదా అన్నారు ఒకరు. నిజమే, సమీపస్థ సంవళిత నాళిక ఎక్కడుందో ప్రకృతి నిర్ణయించింది. ఏ కోణంలో కోయాలో, ఏది పెద్దది చేసి చూపాలో, ఏ రంగు దేనికి వేయాలో మాత్రం ఒక చిత్రకారుడు నిర్ణయించాడు. ఇంకో సంగతి, ఏఐ బొమ్మలో సమీపస్థ, దూరస్థ నాళికల పేర్లు తారుమారయ్యాయి. మూలానికి మరీ దగ్గరగా ఉంటూనే తప్పుగా కూడా ఉన్న బొమ్మను కాపాడుకోవడానికి ఎవరూ వాదించలేదు. బహిరంగ వెర్షన్ కోసం సంస్థలోని చిత్రకారిణి అధ్యాపకుల గీతల ఆధారంగా కొత్త బొమ్మ వేశారు.

ఏ పరికరం, ఏ షరతులు

ఉచిత ఖాతాల్లో ఫైళ్లు ఎక్కించడం అప్పటికే కొందరికి అలవాటైంది. చాలా సేవల నిబంధనల్లో రెండు అంశాలు ఉంటాయి. ఎక్కించిన దానిపై తగిన హక్కులు తనకున్నాయని వాడుకదారు హామీ ఇస్తారు. సెట్టింగు మార్చుకోకపోతే, ఎక్కించింది సేవను మెరుగుపరచడానికి వాడుకోవచ్చు. స్కాన్ చేసిన అధ్యాయం విషయంలో మొదటి హామీ అధ్యాపకుడు ఇవ్వగలిగింది కాదు. ఎక్కించడం అంటేనే ఒక ప్రతి తీసి మూడో పక్షం చేతిలో పెట్టడం. బయటికి ఏదీ రాకపోయినా ఆ మెట్టు దగ్గరే హక్కుల ప్రశ్న మొదలవుతుంది. పరికరాన్ని సంస్థ ఒప్పందం ద్వారానే వాడాలని, ఆ ఒప్పందంలో శిక్షణకు వాడకూడదని, ఎక్కించిన ఫైళ్లను నిర్ణీత గడువులో తొలగించాలని రాయించుకున్నాం.

గ్రంథాలయ జర్నల్ వ్యాసం మరో కోవకు చెందింది. దాన్ని మనకు అందించింది చందా ఒప్పందం కాబట్టి, చట్టంలోని మినహాయింపు కన్నా ముందు ఆ ఒప్పందాన్ని చదవాలి. అందులో మూడో పక్షపు ఏఐ సేవల్లోకి ఎక్కించడాన్ని నిషేధించే నిబంధన ఉందని గ్రంథాలయాధికారి చూపించారు. ఇలాంటి నిబంధన మినహాయింపును కాదనగలదా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. యూరప్ ఆదేశం 7వ అధికరణం బోధన మినహాయింపుకు విరుద్ధమైన ఒప్పంద నిబంధనలు చెల్లవంటుంది, బ్రిటన్ 32వ సెక్షన్ కూడా తన పరిధిలో అదే మాట అంటుంది. ఈ సంస్థ ఉన్న చోట అలాంటి రక్షణ లేదు. అధ్యాపకుడు వ్యాసం చదివి తన మాటల్లో అర పేజీ రాశారు, విద్యార్థులకు గ్రంథాలయ లింకు ఇచ్చాం. ఏఐ అవసరమే పడలేదు.

ప్రశ్నల నిధితో కూడా పెద్దగా పెనుగులాడలేదు. దాని షరతులు పుస్తకాన్ని పాఠ్యగ్రంథంగా ఎంచుకున్న తరగతుల వాడకానికే పరిమితం. ఏఐ తయారుచేసిన మార్పు ప్రశ్నల్లో అంకెలు మారాయే కానీ తప్పు ఎంపికలు, అంటే విద్యార్థి ఎక్కడ పొరబడతాడో ఊహించి ప్రశ్నకర్త పేర్చిన ఎంపికలు, అలాగే దిగిపోయాయి. బహుళైచ్ఛిక ప్రశ్నలో నిజమైన శ్రమ ఉండేది వాటి దగ్గరే. ఆ నిధిని పక్కన పెట్టి, అభ్యసన లక్ష్యాల నుంచి, విద్యార్థులు నిజంగా చేసిన పొరపాట్ల జాబితా నుంచి కొత్త ప్రశ్నలు రాయించాం. పరీక్ష మినహాయింపును కొందరు గుర్తుచేశారు. అది ఒక పరీక్షలో అడిగే ప్రశ్నకు సంబంధించింది, ఎల్లకాలం ఆన్‌లైన్‌లో ఉండే నిధికి కాదు.

లైసెన్సులు కలిసే చోటు, కలవని చోటు

సీసీ బై అధ్యాయాన్ని సీసీ బై-ఎస్‌ఏ వర్క్‌షీటుతో కలిపి కొత్త పాఠం చేస్తే, ఆ రూపాంతరం ఎస్‌ఏ లైసెన్సుతోనే బయటికి వెళ్లాలి. సంస్థ మొదట అనుకున్నది వాణిజ్యేతర షరతుతో విడుదల చేయాలని. ఎస్‌ఏ వర్క్‌షీటు నుంచి పుట్టిన రూపాంతరానికి ఆ అదనపు షరతు తగిలించడానికి వీల్లేదు. ఒకే సంకలనంలో విడివిడిగా పక్కపక్కన ఉంచితే ఈ ఇబ్బంది రాదు కానీ, ఏఐకి రెండూ కలిపి ఇచ్చి ఒక పాఠం రాయమన్నప్పుడు ఏ వాక్యం దేని నుంచి వచ్చిందో విడదీయలేం. కాబట్టి వేర్వేరు లైసెన్సులున్న మూలాలను ఒకే ప్రాంప్ట్‌లో (ఏఐకి ఇచ్చే ఆదేశంలో) కలపకూడదన్న నియమం పెట్టాం. ఈ ప్రాజెక్టులో మేం పెట్టుకున్న నియమాల్లో అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చింది ఇదే. చివరికి సంస్థ వాణిజ్యేతర షరతును వదులుకుని మొత్తం యూనిట్‌కు సీసీ బై-ఎస్‌ఏ 4.0 ఎంచుకుంది.

ఎన్‌డీ వర్క్‌షీటు విషయం సూక్ష్మమైనది. 4.0 లైసెన్సులో ఎన్‌డీ అంటే రూపాంతరాన్ని తయారు చేసుకోవచ్చు కానీ ఇతరులతో పంచుకోకూడదని అర్థం. అధ్యాపకుడు దాన్ని సరళీకరించి తన బల్ల మీద ఉంచుకుంటే పేచీ లేదు. తరగతి మొత్తానికి అందించడం మాత్రం పంచుకోవడమేనని భావించి, హక్కుదారుకు ఉత్తరం రాశాం.

ఓపెన్ లైసెన్సులో పేరు చెప్పడంతో బాధ్యత తీరదు, మార్పులు చేశామని కూడా సూచించాలి. దీన్ని ప్రతి పాఠం చివర ఇలా రాశాం: ‘ఈ పాఠం పైన పేర్కొన్న అధ్యాయానికి రూపాంతరం. భాషను సరళీకరించాం, ఉదాహరణలు మార్చాం, ఒక బొమ్మ స్థానంలో కొత్తది చేర్చాం. తొలి ప్రతిని ఏఐ సాయంతో తయారు చేసి, అధ్యాపకులు సరిదిద్దారు. మూల రచయితలు ఈ మార్పులను సమీక్షించలేదు, ఆమోదించలేదు.’ చివరి వాక్యం ఎందుకని అడిగినవారికి అనువాద ప్రతిలోని ఒక పంక్తి చూపించాను. అందులో ఏఐ ‘పునఃశోషణ’ (తిరిగి పీల్చుకోవడం) అని రావలసిన చోట ‘స్రావం’ అని రాసి అర్థాన్ని తలకిందులు చేసింది. దిద్దకుండా మూల రచయితల పేరుతో పోయి ఉంటే, ఆ తప్పు వారి ఖాతాలో పడేది. బెర్న్ ఒప్పందంలోని 6 ద్వి (6bis) అధికరణంలో, భారత చట్టంలోని 57వ సెక్షన్‌లో ఉన్న రచయిత ప్రత్యేక హక్కులు కాపాడేది రచయిత గౌరవాన్నే. సీసీ లైసెన్సు కూడా, లైసెన్సుదారు కోరితే రూపాంతరం నుంచి వారి పేరు తొలగించమంటుంది.

దృష్టి లోపమున్న ఒక విద్యార్థి కోసం స్కాన్ చేసిన అధ్యాయాన్నే చదివి వినిపించే రూపంలోకి, బొమ్మల వర్ణనలతో సహా మార్చాల్సి వచ్చింది. ఇక్కడ చట్టం చాలా ఉదారంగా ఉంది. 2013 నాటి మర్రకేష్ ఒప్పందం, దానికి ముందే 2012 సవరణతో భారత చట్టంలో చేరిన 52(1)(జెడ్‌బీ) ఈ అవసరాన్నే ఉద్దేశించినవి. ఆ క్లాజులో పునరుత్పత్తితో పాటు రూపాంతరం అన్న మాట కూడా స్పష్టంగా ఉంది. ఆ ప్రతిని ఆ విద్యార్థికే పరిమితం చేసి, రెండు వెర్షన్లకూ దూరంగా ఉంచాం. విద్యార్థుల పాత నివేదికలకు రచయితలు ఆ విద్యార్థులే. సమ్మతి దొరికినవారివి పేర్లు తీసేసి వాడాం, మిగతావి తొలగించాం.

మన చేతికి వచ్చినదానిపై మన హక్కు

విడుదలకు ముందు సంస్థ న్యాయ విభాగం, ఏఐ రాసిన దానిపై మనకు కాపీరైట్ లేకపోతే మనం దేనికి లైసెన్సు ఇస్తున్నట్టు అని అడిగింది. అమెరికా కాపీరైట్ కార్యాలయం 2025 జనవరి నివేదికలో, ఇప్పుడున్న పరిస్థితుల్లో ప్రాంప్ట్‌లు ఇవ్వడం ఒక్కటే రచయితృత్వం కిందికి రాదని, మనిషి చేసిన ఎంపిక, అమరిక, సవరణలకు రక్షణ దక్కవచ్చని చెప్పింది. అదే ఏడాది మార్చిలో, ఏఐ గీసిన బొమ్మకు కాపీరైట్ నమోదు కోరిన థేలర్ కేసులో అక్కడి అప్పీలు కోర్టు మానవ రచయిత తప్పనిసరి అని తీర్పునిచ్చింది. బ్రిటన్ చట్టం 9(3), భారత చట్టం 2(డి)(vi) మాత్రం కంప్యూటరుతో తయారైన కృతి విషయంలో దాని తయారీకి కారకుడైన వ్యక్తి వైపు చూస్తాయి. ఇన్ని తేడాల మధ్య సంస్థ చేయగలిగింది తన దస్త్రాలు సరిగ్గా ఉంచుకోవడమే. అధ్యాపకురాలి రూపురేఖ, ఏఐ తొలి ప్రతి, ఆమె దిద్దుబాట్లు కనిపించే ప్రతి మూడూ భద్రపరిచాం. లైసెన్సు ప్రకటనలో, సంస్థకు, అధ్యాపకులకు హక్కులున్న మేరకే ఈ లైసెన్సు వర్తిస్తుందని రాశాం. ఏఐ సేవ తన నిబంధనల్లో ఫలితాన్ని వాడుకదారుకు రాసి ఇచ్చినంత మాత్రాన లేని హక్కు పుట్టదు. అలాగే మూలంలో ఉన్న ఇతరుల హక్కు చెరిగిపోదు.

వర్క్‌షీటు హక్కుదారు నుంచి జవాబు త్వరగానే వచ్చింది. అనువాదానికి ఒప్పుకున్నారు, సరళీకరణకు ఒప్పుకోలేదు. ప్రశ్నల కఠినత్వమే ఆ వర్క్‌షీటు ఉద్దేశమని, దాన్ని తగ్గిస్తే తమ పేరు పెట్టవద్దని రాశారు. ఆ మాట సబబుగానే ఉందని అధ్యాపకులూ అనుకున్నారు. అనువాదాన్ని వారికి చూపించి, రెండు చోట్ల వారి సవరణలు చేర్చి, వర్క్‌షీటును యూనిట్‌లో కలపకుండా దాని పాత లైసెన్సు గుర్తుతోనే విడి ఫైలుగా జతచేశాం. నెఫ్రాన్ బొమ్మకు వాణిజ్య ప్రచురణకర్త ఇచ్చిన అనుమతి లాగిన్ వెర్షన్‌కే, అదీ మార్పులు లేకుండా, ఒక విద్యా సంవత్సరానికే పరిమితం. గడువు తేదీని స్ప్రెడ్‌షీట్‌లో ఆ బొమ్మ వరుసలోనే నమోదు చేసి, ఆ రోజుకు దాన్ని తొలగించే బాధ్యతను ఎల్‌ఎంఎస్ నిర్వాహకుడికి అప్పగించాం. లాగిన్ వెర్షన్‌లో కూడా చిత్రకారిణి బొమ్మనే పెట్టి, అనుమతి పొడిగింపు అడగవద్దని బృందం ఆ తర్వాత నిర్ణయించుకుంది.